పేరు లేని ప్రశ్న, సంతకం ఉన్న జవాబు



హైదరాబాద్ పాతబస్తీలో జైద్ అని ఒకాయన ఉన్నాడు. వందేళ్లకు పైగానే ఉన్నాడు. ఆయనకు లెక్కలేనన్ని పెళ్లిళ్లయ్యాయి, లెక్కలేనన్ని విడాకులయ్యాయి. ఎన్నోసార్లు అప్పు చేసి ఎగ్గొట్టాడు, ఎన్నోసార్లు చనిపోయి ఆస్తి వదిలిపెట్టాడు. ఆయన భార్య పేరు హిందా. తమ్ముడో, వ్యాపారంలో భాగస్వామో, పక్కింటాయనో ఎవరో ఒకరు బకర్ అనే పేరుతో కథలోకి వస్తుంటారు. వీళ్లిల్లు ఎక్కడని శాలిబండలో అడిగినా, మొఘల్‌పురాలో అడిగినా ఎవరూ చూపించలేరు. జైద్, హిందా, బకర్ కాగితం మీద మాత్రమే బతికే మనుషులు. ప్రశ్న అడిగేవాళ్ల అసలు పేర్లు బయటపడకుండా వాళ్లకు బదులుగా నిలబడే పేర్లు ఇవి.

ఇలాంటి ప్రశ్నల కాగితాలు చేరే చోటు షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా. హుసేనీ ఆలం వైపు వెళ్లినవాళ్లకు ఆ ప్రాంతం తెలుసు. హిజ్రీ 1292లో, అంటే 1875 ప్రాంతంలో, మౌలానా అన్వరుల్లా ఫారూఖీ స్థాపించిన విద్యాసంస్థ అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కూ, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కూ చదువు చెప్పిన గురువు ఆయన. ఫజీలత్ జంగ్ అన్నది ఆయన బిరుదు. 1888లో అరబ్బీ రాతప్రతుల ప్రచురణ కోసం నగరంలో మొదలైన దాయిరతుల్ మారిఫ్ వెనక ఉన్న పెద్దల్లోనూ ఆయన ఒకరు. 1918లో కన్నుమూశారు. మౌల్వీ, ఆలిం, ఫాజిల్, కామిల్ అని మెట్లు మెట్లుగా సాగే చదువు ఇక్కడిది. అరబ్బీ, పారశీ, ఉర్దూ గ్రంథాలూ పాత రాతప్రతులూ ఉన్న గ్రంథాలయం ఉంది. దానితోపాటు దారుల్ ఇఫ్తా అనే విభాగం ఉంది. జనం అడిగే ప్రశ్నలకు జవాబు రాసి ఇవ్వడమే దాని పని.

ఈ పూట నేను మతం గురించి మాట్లాడబోవడం లేదు. ఒక విద్యాసంస్థ, దాని గ్రంథాలయం, బయటినుంచి వచ్చి ప్రశ్న అడిగే మామూలు మనిషి, ఈ ముగ్గురి మధ్య ఉండాల్సిన మర్యాద గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ మర్యాద చాలాకాలంగా మన కళ్లెదుటే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఆ కాగితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నేను అల్లింది, లెక్క మాత్రం నిఖార్సయినది. ఒకావిడ తండ్రి చనిపోయాడు. ఇల్లు, ఒక దుకాణం మిగిలాయి. అన్న తాళాలు తన దగ్గర పెట్టుకున్నాడు. అమ్మ బతికే ఉంది, నోరెత్తదు. చెల్లెలు అన్నని నిలదీయలేదు. పండక్కి పిలిచే పుట్టింటి గడప అదొక్కటే కదా! అడిగితే బంధువుల్లో మాట పుడుతుంది. పాతబస్తీలో అయితే "లోగాఁ క్యా బోలేంగే" అంటారు, మన ఇళ్లలో అయితే "నలుగురూ ఏమనుకుంటారు" అంటారు. రెండిళ్లలోనూ ఆడపిల్ల నోరు మూతపడేది ఆ ఒక్క మాటతోనే. అందుకని ఆవిడ ఒక కాగితం మీద ఇలా రాయిస్తుంది: జైద్ చనిపోయాడు. భార్య హిందా, కొడుకు బకర్, కూతురు జైనబ్ ఉన్నారు. జైద్ తల్లిదండ్రులు ముందే పోయారు. ఆస్తి ఎలా పంచాలో పండితులు చెప్పగలరు.

జవాబు వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, భార్యకు చెల్లించాల్సిన మహర్ బాకీ ఉంటే అది, వీలునామా ఉంటే హద్దుకు లోబడి అది, ఇవన్నీ తీసేశాక మిగిలినదాన్ని 24 వాటాలు చేయాలి. అందులో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3. కొడుకుకు 14. కూతురికి 7. లెక్క సరిపోయింది. చివర్లో ఏ గ్రంథంలో ఏముందో ఆధారం, జవాబు రాసిన పండితుడి, అంటే ముఫ్తీ సంతకం, ముద్ర. అన్నిటికన్నా చివర "సరైనది ఏదో దేవుడికే బాగా తెలుసు" అనే అర్థం వచ్చే అరబ్బీ వాక్యం ఒకటి. ఇంత చదువుకున్న మనిషి కూడా జవాబు ముగిస్తూ తన తెలివికి ఒక హద్దు గీసుకుంటాడన్నమాట.

ఇప్పుడు ఆ చెల్లెలు ఆ కాగితాన్ని అన్న ముందు పెట్టవచ్చు. నీ వాటా ఇంత, నా వాటా ఇంత అని తన నోటితో అనక్కర్లేదు. జైద్ కూతురికి 24లో 7 అని కాగితమే చెబుతుంది. తగాదా అన్నాచెల్లెళ్ల మధ్య నుంచి జైద్ ఇంటికి మారిపోతుంది. మూసుకున్న నోళ్లు తెరుచుకోవడానికి అంత చోటు చాలు.

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. ముఫ్తీ విచారణ చేయడు. సాక్షుల్ని పిలవడు. అది ఖాజీ పని, కోర్టు పని. "అడిగిన సంగతి నిజమైతే" అనే షరతు మీద జవాబు నడుస్తుంది. ఉర్దూలో "బషర్తె సెహతె సవాల్" అని రాసే ఆనవాయితీ ఉంది. ప్రశ్నలో అబద్ధం కలిపితే జవాబు పనికిరాకుండా పోతుంది, ఆ పాపం అడిగినవాడిదే. మీ పేరేమిటి, ఎందుకడుగుతున్నారు, ఎవరింటి సంగతి అని ఆరా తీయాల్సిన అవసరం చెప్పేవాడికి లేకుండా పోయిందంటే ఆ ఒక్క షరతు వల్లే. ప్రశ్న అడగడానికి కారణం చెప్పనక్కర్లేదని మన సమాచార హక్కు చట్టం 2005లో రాసుకుంది. షిబ్లీగంజ్‌లో ఆ పద్ధతి అంతకు ముందు నుంచే నడుస్తోంది.

అయితే అటువైపు సంగతి కూడా చూడాలి. ప్రశ్నకు పేరు లేదు గానీ జవాబుకు ఉంది. రాసినదెవరో, ఏ పుస్తకం చూసి రాశారో, ఏ తారీఖున రాశారో ఉంటుంది. ముఫ్తీ రుక్నుద్దీన్ ఇచ్చిన జవాబులు "ఫతావా నిజామియా" పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకంలో అడిగినవాళ్లు మాయమై చెప్పినవాడు మిగిలాడు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే. అడిగేవాడికి ముసుగు ఉండాలి. చెప్పేవాడికి ఉండకూడదు.

ఎందుకుండకూడదు? 2018 జనవరిలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రొయ్యలు తినవచ్చా అన్న ప్రశ్నకు ఇదే సంస్థ నుంచి జవాబు వెలువడింది. రొయ్య చేప జాతి కాదు, కీళ్లకాళ్ల జీవి, కాబట్టి తినకుండా మానుకోవలసిందే అన్నది దాని సారాంశం. ఆ వార్త పత్రికల్లో మార్మోగిపోయింది. ముస్లింల ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీ సంప్రదాయంలో నీటి జీవుల్లో చేపకు మాత్రమే అనుమతి. మరి రొయ్య చేపా కాదా అన్నది పండితుల మధ్య పాత తగాదానే. అంచేత ఆ జవాబుతో విభేదించిన పండితులూ ముందుకొచ్చారు. రొయ్యల వేపుడు తినేవాళ్లు తిన్నారు, మానేవాళ్లు మానేశారు. నాకు ఇందులో నచ్చింది ఫలితం కాదు, పద్ధతి. జవాబు ఎవరిదో తెలుసు, ఆధారమేమిటో తెలుసు. కాబట్టి "మీ ఆధారం ఇది, మా ఆధారం ఇది" అని ఎదురు నిలబడి వాదించగలిగారు. ఊరూ పేరూ లేని జవాబుతో ఎవరు మాత్రం ఏమని వాదించగలరు? అలాంటి జవాబును నమ్మాలి, లేదా వదిలేయాలి. మూడో దారి ఉండదు.

ముసుగుకు కూడా ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో సుప్రీంకోర్టు 2014 జూలై 7న చెప్పింది. విశ్వలోచన్ మదన్ అనే న్యాయవాది వేసిన కేసులో, ఫత్వాకు, అంటే ముఫ్తీ ఇచ్చే ఇలాంటి జవాబుకు, చట్టబద్ధత లేదనీ, ఎవరి మీదా దాన్ని బలవంతంగా రుద్దడానికి వీల్లేదనీ తీర్పు ఇచ్చింది. ఆ కేసు వెనక 2005లో ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ఒక దారుణం ఉంది. మామ చేతిలో అత్యాచారానికి గురైన ఒక స్త్రీ కాపురం గురించి, ఆమె అడగకుండానే, ఆమెతో సంబంధం లేని వ్యక్తి ప్రశ్న వేస్తే జవాబు వెలువడింది. ఆమె బతుకు బజారున పడింది. అందుకే కోర్టు ఒక హితవు చెప్పింది. ఒక వ్యక్తి హక్కుల గురించి, ఆ వ్యక్తి గానీ, ఆ విషయంతో నేరుగా సంబంధం ఉన్నవాళ్లు గానీ అడిగితే తప్ప, దారిన పోయేవాళ్లు అడిగారని జవాబు ఇవ్వొద్దంది.

నా పేరు దాచుకుని నా సంగతి అడగడం నా హక్కు. నా పేరు దాచుకుని ఎదుటివాళ్ల సంగతి బజారుకెక్కించడం ఎవరి హక్కూ కాదు. పేరులేని ప్రశ్నల పెట్టె పెట్టాలనుకునే ఏ సంస్థ అయినా ముందుగా గోడమీద రాసుకోవాల్సిన సూత్రం ఇది.

అడిగేవాడికి ముసుగు, చెప్పేవాడికి సంతకం అనే ఈ రెండు కట్టుబాట్లూ తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. మాలతీ చందూర్ గారు 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" మొదలుపెట్టి 40 ఏళ్లకు పైగా నడిపారు. వంటింటి సందేహం నుంచి కాపురంలో కష్టం దాకా అందులోకి రాని ప్రశ్న లేదు. ఆ తర్వాత స్వాతి పత్రికలో "నన్ను అడగండి" అన్నారు. విజయవాడ డాక్టర్ సమరం గారు, ఇళ్లలో పెద్దల ముందు ఎత్తలేని శరీర ధర్మాల గురించి వారం వారం జవాబులు రాశారు. అడిగినవాళ్ల అసలు పేరు తెలియాల్సిన పని పాఠకులకు ఉండేది కాదు. జవాబు చెప్పినవాళ్ల పేరు మాత్రం శీర్షిక పైనే ఉండేది. ఆ పేరు మీద నమ్మకంతోనే కదా, పోస్టు కార్డుకు ఎక్కించలేని మాటని కవరులో పెట్టి అంటించి పంపింది.

మరి గ్రంథాలయాల సంగతి? పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడంతో గ్రంథాలయం పని అయిపోదని మొదట గట్టిగా చెప్పినవాళ్లలో ఒకరు శామ్యూల్ గ్రీన్. అమెరికాలో వూస్టర్ అనే ఊళ్లో గ్రంథపాలకుడు. 1876లో ఫిలడెల్ఫియాలో గ్రంథపాలకుల సభలో ఆయన ఒక వ్యాసం చదివాడు. మన షిబ్లీగంజ్ సంస్థ పుట్టిన రోజులే అవి. కొనకుండా గిరాకీని పంపడానికి దుకాణదారుడు ఎంత బాధపడతాడో, జవాబు దొరక్కుండా పాఠకుణ్ణి పంపడానికి గ్రంథపాలకుడు అంత బాధపడాలన్నాడు. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం ముందు ఒక్కసారి నిలబడితే ఆ మాట మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక చీర నచ్చకపోతే పది చీరలు విప్పి పరుస్తాడు. గ్రంథాలయంలో పది పుస్తకాలు తీసి పరిచేవాడు కావాలని గ్రీన్ కోరిక.

మన దేశంలో ఆ మాటను శాస్త్రం చేసినవారు ఎస్.ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారుగా ఉంటూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైనాడు. 1931లో అయిదు సూత్రాలు ప్రచురించాడు. ప్రతి పాఠకుడికీ అతనికి కావలసిన పుస్తకం అన్నది అందులో రెండోది, పాఠకుడి కాలం ఆదా చేయాలన్నది నాలుగోది. అడగడానికి సిగ్గుపడే పాఠకుడికి ఈ రెండూ అందవు. అడిగిన సంగతి గుట్టుగా ఉంచడం గ్రంథపాలకుడి ధర్మమని అమెరికా గ్రంథాలయ సంఘం 1939 నాటి నియమావళిలోనే రాసుకుంది.

ప్రశ్నల గుట్టు విప్పితే ఎంత వింత లోకం బయటపడుతుందో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్లకు 2014లో తెలిసింది. పాత చీటీల పెట్టె ఒకటి దొరికింది. 1940ల నుంచి పాఠకులు అడిగిన ప్రశ్నలు వాటి మీద ఉన్నాయి. ఏనుగు తరుముకొస్తున్నట్టు కల వస్తే అర్థమేమిటని 1947లో ఒకరు అడిగారు. ఇంట్లో ఆక్టోపస్‌ను పెంచుకోవచ్చా అని ఇంకొకరి సందేహం. నవ్వొస్తుంది నిజమే, కానీ ఏనుగు కల వచ్చినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టలేదేమో. నవ్వకుండా విని, చీటీ మీద రాసుకుని, పుస్తకం వెతికిన మనిషి ఒకరు కౌంటర్ అవతల ఉన్నారు. అదే ఆ పెట్టె విలువ.

అదే అమెరికాలో బోస్టన్ కాలేజీ వాళ్ల ఓనీల్ గ్రంథాలయంలో ఒక గోడ ఉంది. విద్యార్థులు పేరు లేకుండా దాని మీద ప్రశ్న రాస్తారు, గోడే మాట్లాడుతున్నట్టు కింద జవాబు వస్తుంది. ప్రేమ, భయం, పరీక్షలు, ఒంటరితనం, కాసింత చిలిపితనం అన్నీ ఆ గోడ మీదికి ఎక్కుతాయి. జవాబుల్లో చాలావాటి చివర ఫలానా పుస్తకం చూడు, ఫలానా సహాయ కేంద్రానికి వెళ్లు అని దారి చూపించి వదులుతారు. గోడకు సంతకం లేకపోయినా జవాబుకు ఆధారం ఉంది, ఏ గ్రంథాలయానిదో తెలుసు. సరదాగా మొదలైన ప్రశ్న చదువరిని అరల దాకా నడిపిస్తుంది.

ఇప్పుడు తిరిగి మన ఊరికి వద్దాం. మూసీ దక్షిణ గట్టు మీద, హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది. విన్సెంట్ ఎష్ నక్షా గీసిన ఆ భవనంలోకి 1921లో తరగతులు వచ్చాయి. కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడే పాఠం చెప్పారు. హుసేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడి పక్కనే ఆడపిల్లల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఫలక్‌నుమాలో ఇంకో డిగ్రీ కాలేజీ ఉంది. ఈ కాలేజీలకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు. గౌలిపురా, ఉప్పుగూడ, లాల్‌దర్వాజ నుంచి తెలుగు పిల్లలు, చార్మినార్ చుట్టుపక్కల గల్లీల నుంచి ఉర్దూ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ల దగ్గర ప్రశ్నలు లేక కాదు. కౌంటర్ దగ్గర నిలబడి, వెనక వరసలో సీనియర్లు వింటుండగా, పక్కన మేనమామ కొడుకు ఉండగా, గొంతెత్తి అడగలేని ప్రశ్నలు అవి.

ఎలాంటివి ఉంటాయో నేను ఊహించి చెబుతాను. "క్యాటలాగ్‌లో నెంబరు ఎలా చూడాలో తెలియదు, అడిగితే నవ్వుతారేమో." "మా ఇంట్లో పెళ్లి అంటున్నారు, నాకింకా 18 నిండలేదు." "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చదివింది గుర్తుండడం లేదు." "నాన్న పోయాడు, ఇంట్లో అమ్మకు ఏమీ రాదంటున్నారు, నిజమా?" మొదటి ప్రశ్నకు అరల దగ్గరికి తీసుకెళ్లి చూపించే అయిదు నిమిషాల జవాబు చాలు. రెండోదానికి 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఉంది, పిల్లల సాయానికి 1098 అనే నంబరు ఉంది. మూడోదానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ, 14416 ఉంది. నాలుగోదానికి ఇందాకటి లెక్కా ఉంది, ఆ లెక్కను ముస్లిం కుటుంబాలకు వర్తింపజేసే 1937 నాటి షరియత్ చట్టమూ ఉంది. హిందూ కుటుంబమైతే 1956 నాటి వారసత్వ చట్టం, 2005లో కూతుళ్ల హక్కు కోసం దానికి జరిగిన సవరణ ఉన్నాయి. తగాదా తెగకపోతే పురానీ హవేలీలో సివిల్ కోర్టు ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసాయం దక్కుతుందని 1987 చట్టం చెబుతోంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ సమాచారమంతా ఉన్నదే. ఉన్నది అడిగేవాళ్లకు చేరడం లేదు.

అందుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. తాళం వేసిన ఒక పెట్టె, కొన్ని కత్తిరించిన చీటీలు, ఒక నోటీసు బోర్డు చాలు. కానీ కొన్ని జాగ్రత్తలు కావాలి.

పెట్టె కౌంటర్ ఎదురుగా ఉండకూడదు. మంచినీళ్ల దగ్గరకో, మెట్ల వైపుకో వెళ్లే దారిలో ఉండాలి, చీటీ వేసినవాళ్లు నీళ్లు తాగడానికి వెళ్లినట్టే కనిపించాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఏ భాషలో రాసినా ఆ భాషలోనే జవాబు రావాలి. చీటీని ఉన్నది ఉన్నట్టు బోర్డుకు అంటించకూడదు. ఒక కాలేజీలో చేతిరాత అంటే ముఖం లాంటిదే, తోటి పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. గ్రంథపాలకులు ప్రశ్నను తమ చేత్తో తిరిగి రాసి, ఊరూ వీధీ తరగతీ తీసేసి, అప్పుడు బోర్డు మీద పెట్టాలి. జైద్, హిందా పద్ధతి సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. అసలు చీటీని ఆ పూటే చించేయాలి.

ఇంకొకరి పేరు పెట్టి వేసిన నిందకు బోర్డు మీద చోటివ్వకూడదు. వేధింపుల ఫిర్యాదు అయితే కాలేజీలో ఉండాల్సిన కమిటీకి ఎలా వెళ్లాలో దారి చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చేలా కనిపించిన చీటీకి వారం ఆగకూడదు, సాయం దొరికే నంబరు ఆ గంటలోనే బోర్డు మీద కనిపించాలి. వెక్కిరింత చీటీలు కూడా పడతాయి. పడనివ్వండి. ఒకటి రెండింటికి సరదాగానే జవాబివ్వండి. నవ్వించిన బోర్డు దగ్గరికే రేపు ఏడుపు కూడా వస్తుంది.

ఇక జవాబు. దాని కింద పుస్తకం పేరు, పుట, అది ఏ అరలో ఉందో ఆ నంబరు, తారీఖు, రాసినవారి సంతకం ఉండాలి. తెలియకపోతే "వెతుకుతున్నాం, వచ్చే సోమవారం చూడండి" అని రాసి దాని కింద కూడా సంతకం పెట్టాలి. తప్పయితే దిద్దుకుని, దిద్దిన తారీఖు వేయాలి. గ్రంథపాలకుడు డాక్టరూ కాదు, లాయరూ కాదు, ముఫ్తీ కాదు, పంతులు కాదు. ఆయన తీర్పు చెప్పనక్కర్లేదు. ఏ గుమ్మం తట్టాలో చెబితే చాలు.

ఇన్ని తంటాలెందుకు, పిల్లల చేతుల్లో ఫోన్ ఉంది కదా, అర్ధరాత్రి అయినా అడిగితే చెబుతుంది కదా అంటారా? చెబుతుంది. ఎవరూ వినడం లేదనుకుని అడుగుతాం. కానీ అక్కడ మన నంబరు, మనమున్న చోటు, అడిగిన వేళ, అంతకుముందు అడిగినవి ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటాయి. వచ్చిన జవాబు ఎవరిదో, ఏ పుస్తకం నుంచో చాలాసార్లు అంతుపట్టదు. షిబ్లీగంజ్ పద్ధతి అక్కడ తలకిందులైంది. అడిగినవాడి ముసుగు తొలగింది, చెప్పినవాడి సంతకం పోయింది. ఫోన్ మానేయమని నేను అనను. ఫోన్ చెప్పిన మాటను తెచ్చి, "ఇది నిజమేనా, ఏ పుస్తకంలో ఉంది?" అని అడగడానికి కాలేజీలో ఒక పెట్టె ఉండాలంటున్నాను. ఆ పెట్టె వెనక పేరున్న మనిషి ఒకరు ఉండాలంటున్నాను.

పాతబస్తీ కాలేజీల ప్రిన్సిపాళ్లకూ, గ్రంథపాలకులకూ నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాల జాబితా తయారుచేసేటప్పుడు ఒక చెక్కపెట్టెకు కూడా ఆర్డరు ఇవ్వండి. విద్యార్థులతోపాటు ఆ గల్లీలో ఉండేవాళ్లకు కూడా, వారంలో ఒక పూటయినా, దాన్ని అందుబాటులో ఉంచండి. తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లలు పేరు రాయకుండా ఒక ప్రశ్న వేశారని తెలిస్తే ఆ చేతిరాత ఎవరిదని వెతక్కండి, జవాబు సరిగా వచ్చిందో లేదో చూడండి. విద్యార్థులారా, మీ సంగతి మీరే అడగండి, పక్కవాళ్ల సంగతి మాత్రం పెట్టెలో వేయకండి. జవాబు అందాక కింద సంతకం ఉందో లేదో చూసుకోండి. సంతకం, ఆధారం రెండూ లేని జవాబును ఎంత తియ్యగా ఉన్నా నమ్మవద్దు.